పెద్ద నీళ్లది, చిన్న నీళ్లది

గురువారం సాయంత్రం చెరువులో చెయ్యి పెట్టిన పడవ బాబాయికి మోచేతి దాకా జివ్వుమంది. కొత్త ఫౌంటెన్ లైట్లని పరీక్షకి వెలిగించిన సమయం అది. "వయసు బాబాయ్, నరాల నీరసం" అని నలుగురూ నవ్వారు. శుక్రవారం ఫౌంటెన్ చుట్టూ నాలుగు చేపలు వెల్లకిలా తేలాయి. "ఎండ" అన్నారు. నవ్వనిదీ, నేరం ఎండ మీదికి నెట్టనిదీ ఒక్క కొలతక్క. చెరువు గట్టు మీద కరెంటు సామాన్ల కొట్టు ఆమెది. శనివారం మధ్యాహ్నం లైట్లు ఆపి ఉన్నప్పుడు పడవెక్కి ఫౌంటెన్ దిమ్మ దాకా వెళ్లింది. నీళ్లలోంచి దిమ్మ మీదికెక్కిన నల్ల వైరు చూసింది. దాని కొనకి జానెడు ఇవతల ఆకుపచ్చ గోళ్లరంగు చుక్క చూసింది. కొలిచి కోసిన ప్రతి వైరుకీ గుర్తుగా ఆ చుక్క పెట్టే కొట్టు ఈ భూమ్మీద ఒకటే. అది ఆమెదే.

పోయిన వారం ఆమెని మనం ఆ పడవలోనే వదిలేశాం. ఇప్పుడు గట్టెక్కింది. గట్టెక్కిందంటే పడవలోంచి మాత్రమే.

ఎందుకంటే తెల్లవారితే ఆదివారం. పొద్దున్న ఆరింటికి చెరువులో కాలనీ ఈత పందెం. పేర్లిచ్చినవాళ్లు నూట ఎనభై మంది. ఫౌంటెన్ వెలిగించి, ఈల వేసి, అందర్నీ ఒక్కసారిగా నీళ్లలోకి దింపుతారు.

కొలతక్క కొట్లోకి వచ్చేసరికి మరిది స్టూలెక్కి బల్బుల పెట్టెలు సర్దుతున్నాడు. భర్త పోయాక ఆరేళ్లుగా కొట్టుకి వాళ్లిద్దరే. ఆమె కొలుస్తుంది, అతను కోస్తాడు. ఆమె అనుమానిస్తుంది, అతను నవ్వుతాడు. అలా కొట్టు నడుస్తోంది. ఆమె చెప్పులు విడవకుండానే వెనక అరల దాకా వెళ్లి, రెండు చుట్టల్లోంచి రెండు మూరల వైరు ముక్కలు కోసి తెచ్చి బల్ల మీద పక్కపక్కన పెట్టింది.

"అబ్బాయ్, దిగు."

"ఏంటి వదినా, వాళ్లూ వీళ్లూ చూస్తే నీ మొహానికి షాక్ కొట్టిందనుకుంటారు."

"ఫౌంటెన్ వాళ్లకి వైరు కోసిందెవరు?"

"నేనే. నువ్వు పంటి డాక్టరు దగ్గరికి వెళ్లావు చూడు, ఆ రోజు. ఎనభై మీటర్లు. రెండుసార్లు కొలిచే కోశాను, నీ మీద ఒట్టు."

"నా మీద ఒట్లు తర్వాత. ఏ వైరు?"

"నీళ్లది."

"ఏ నీళ్లది?"

మరిది స్టూలు దిగాడు. బల్ల మీదున్న రెండు ముక్కల్నీ చూశాడు.

ఈ ప్రశ్న అర్థం కావాలంటే వాళ్ల మామగారి సంగతి తెలియాలి. ఆయన కొట్టు తెరిచిన ఏడాదే ఎదురు కొట్టు మునిగింది. వ్యాపారి మునగడానికి నీళ్లు అక్కర్లేదు కదా. నిన్న మొన్నటి దాకా తనతో కబుర్లాడినవాడు తాళం వేసి తలవంచుకుని వెళ్లిపోతుంటే చూసి, ఆయన తన గడప లోపల ఒక చట్టం చేశాడు: 'మునగడం' అనే మాట ఇక్కడ ఎవరి నోటా రాకూడదు. ఇంట్లో బకెట్‌లో మగ్గు ముంచమనేవాడు కాదు, నింపమనేవాడు. కొట్లో మాత్రం చిక్కొచ్చి పడింది. నీళ్లలో మునిగే ఉండాల్సిన వైరు ఒకటుంది, బోరు మోటార్లకి వేసేది. దాన్నేమనాలి? 'పెద్ద నీళ్లది' అన్నాడు. వానకి తడిసినా పాడవని, గోడల మీద వేసే వైరుని 'చిన్న నీళ్లది' అన్నాడు. చూడ్డానికి రెండూ నలుపే. రోజూ తాకేవాళ్లకి వైరు మీది తోలు మందం తెలుస్తుంది. బయటివాళ్లకి తెలియదు. చిన్న నీళ్లది వానలో పదేళ్లుంటుంది, నీళ్లలో పది రోజులు కూడా నమ్మకం లేదు.

మామగారు పోయారు. ఆయన చట్టం మాత్రం గోడ మీద ఫోటోలాగే ఉండిపోయింది. సరుకు పేర్లు వాడుకలో పడ్డాక ఎవరూ తిరిగి అడగరు. కొలతక్క ఇన్నేళ్లలో ప్రతి మీటరూ రెండుసార్లు కొలిచింది గానీ, ఆ రెండు పేర్లనీ ఒక్కసారి కూడా కొలిచి చూడలేదు.

"ఫౌంటెన్ మేస్త్రి ఏమని అడిగాడు? ఉన్నది ఉన్నట్టు చెప్పు" అంది.

"అదే... ఆ మాటే అన్నాడు వదినా. మ... ము... అదే వైరు కావాలన్నాడు. పొద్దున్నే, ఇంకా బోణీ కూడా కాలేదు. నేను గతుక్కుమని, 'సార్ సార్, ఆ మాట అనకండి, మా కొట్లో నీళ్లది అనాలి' అన్నాను. ఆయన నవ్వి, 'సరేనయ్యా, నీళ్లదే ఇవ్వు' అన్నాడు."

"అప్పుడు?"

"నీళ్లది అన్నాడు కదా. చిన్నదే ముందు వరసలో ఉంది. చెయ్యి దానిమీదికే వెళ్లింది."

కొలతక్క బల్ల అంచు పట్టుకుంది. "నీళ్లలో మునిగే వైరు కావాలని నోరు తెరిచి అడిగినవాడి చేత, ఆ మాట మింగించి మరీ వేరేది కట్టి పంపావు."

"వైరు మీద కంపెనీ అక్షరాలుంటాయి కదా! ఆయన చదువుకోవద్దూ?"

"చీమ తలకాయంత అక్షరాలు. వాటిని చదివే పని మనది. వాడు మన నోటిమాట చదువుకున్నాడు."

మరిది గల్లాపెట్టె వెనక్కి వెళ్లి నిలబడ్డాడు, అది అడ్డముంటే మాట తగలదన్నట్టు. గొంతు తగ్గించి అన్నాడు, "వదినా, నా మాట విను. రేపటి పందెం కానియ్యి. సోమవారం నేనే వెళ్లి చల్లగా పెద్దది మార్చేసి వస్తాను. మూడో కంటికి తెలీదు."

"రేపు నీళ్లలో దిగేవాళ్లకి తెలుస్తుంది."

"పోనీ వెళ్లి చెప్పు. వైరేదో బాలేదనిపిస్తోందని చెప్పు. ఎవరి వైరో ఎందుకు? మనదని తెలిస్తే రేపట్నించి ఈ గట్టు మీద స్విచ్చి కొనడానిక్కూడా ఎవడైనా వస్తాడా? నాన్న పెట్టిన కొట్టు వదినా. ఇది గనక..."

"మునుగుతుంది. అను."

మరిది రెండు చెవులూ మూసుకున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ల మగాడు, ఇద్దరు బిడ్డల తండ్రి, కళ్లు కూడా మూసుకున్నాడు.

ఆమె వైరు ముక్కలు రెండూ సంచిలో వేసుకుని బయటికి నడిచింది.

చెరువు ఆఫీసు అదే గట్టు మీద, మేడ మీద గది. మెట్లెక్కుతున్నంతసేపూ కొలతక్క మరిది మాటనే తిప్పి తిప్పి చూసుకుంది. అందులో ఇంగితం లేకపోలేదు. తన పని ప్రమాదం ఆపించడం. కొట్టు పరువు తాకట్టు పెట్టకుండా ఆ పని జరిగిపోతే ఎవరికి నష్టం? తక్కువ సరుకుతో తెగే బేరాన్ని ఎక్కువ సరుకు పోసి తెగ్గొట్టేవాడు వ్యాపారి కాడు. సగమే చెబుదామని నిశ్చయించుకుని తలుపు తోసింది.

లోపల కుర్చీల మీద, కిటికీ ఊచల మీద, ఆఖరికి ఫ్యాను రెగ్యులేటరు మీద కూడా అంకెలు వేసిన పందెం బనియన్లు ఆరేసి ఉన్నాయి. చెరువు పనులూ పందెమూ చూసుకునే ఇంజినీరమ్మ నేలమీద కూర్చుని ఈలలకి తాళ్లు కడుతోంది. ముప్పై ఏళ్లుంటాయి. మూడు రోజులుగా నిద్రలేని కళ్లు. ఫౌంటెన్ మేస్త్రి కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. ఇతను ఉంటాడని కొలతక్క అనుకోలేదు.

"రండక్కా, మీరూ పందెంలో దిగుతారా ఏంటి?" అన్నాడు మేస్త్రి.

"నేను దిగితే నీళ్లు గట్టు దాటతాయి మేస్త్రీ." ఆమె ఇంజినీరమ్మ వైపు తిరిగింది. "అమ్మా, ఫౌంటెన్ వైరు బాలేదు. నీళ్లలోకి కరెంటు కారుతోంది. రేపు దాన్ని వెలిగించకండి."

ఇంజినీరమ్మ చేతిలో ఈల ఆగింది. "ఎవరు చెప్పారు?"

"పడవ బాబాయికి చెయ్యి జివ్వుమంది. చేపలు చచ్చాయి."

"ఆయనకి పోయిన నెల కుర్చీలో కూర్చున్నా జివ్వుమంది" అన్నాడు మేస్త్రి. "మేడమ్, పొద్దున్న మీ ముందే గంటసేపు వెలిగించాను. కరెంటు కారితే ట్రిప్ స్విచ్చి పడి లైను ఆగిపోవాలి. పడిందా?"

"పడలేదండీ" అంది ఇంజినీరమ్మ. "నేనే దగ్గరుండి చూశాను. ఒక్కసారి కూడా పడలేదు."

సగం సరుకుతో వచ్చిన బేరం సగంలోనే చతికిలబడింది. చాలామంది ఈ చోట లేచి వెళ్లిపోతారు, చెప్పాల్సింది చెప్పాం అనుకుని. కానీ ముప్పై ఏళ్లు స్విచ్చిలు అమ్మిన మనిషికి పడే స్విచ్చి కంటే పడని స్విచ్చి మీదే అనుమానం ఎక్కువ.

"మొదటి రోజు పడిందా మేస్త్రీ?"

మేస్త్రి టీ గ్లాసు పెదాల దగ్గర ఆగింది. "మొదటి రోజు... కొత్త సామాను కదా. మాటిమాటికీ పడేది."

"తర్వాత?"

"తర్వాత సర్దుకుంది."

"సర్దుకోడానికి అదేమన్నా కొత్త కోడలా? నువ్వే పక్కకి తప్పించి డైరెక్ట్ ఇచ్చావు."

ఇంజినీరమ్మ లేచి నిలబడింది. ఒళ్లో ఈలలు నేలమీద గలగలా పడ్డాయి.

"నిజమేనా?"

"ఈ నాలుగు రోజులకే మేడమ్! మీరే కదా, ప్రారంభానికి పెద్దవాళ్లొస్తున్నారు, ఒక్క క్షణం ఆరినా ఊరుకోనన్నారు." మేస్త్రి గ్లాసు దించి ఇటు తిరిగాడు. "సరే, స్విచ్చి తప్పు నాది, ఒప్పుకుంటా. వెళ్లి మళ్లీ పెట్టేస్తా, గొడవ వదిలిపోతుంది."

"పెడితే పడుతుంది" అంది కొలతక్క. "పడితే ఫౌంటెన్ వెలగదు. రేపు పెద్దవాళ్ల ముందు వెలగకపోతే ఏం చేస్తావు? మళ్లీ డైరెక్ట్ ఇస్తావు. అసలు రోగం వైరుది."

"వైరుకి రోగమా? అది నీళ్లలో వేసేదే. అడిగి మరీ తెచ్చాను. ఎక్కడ తెచ్చానో తమరికి తెలుసు." అతని గొంతులో ఇప్పుడు వెటకారం లేదు, భయం ఉంది. "అక్కా, నా పొట్ట కొట్టకు. వైరు చెడ్డదని నీకెలా తెలుసు? అది చెప్పు."

ఇంజినీరమ్మ సొరుగులోంచి ఒక కాయితం తీసి బల్ల మీద పెట్టింది. ప్రమాదం గురించి సమాచారం ఇచ్చేవాళ్లు నింపాల్సింది. "అమ్మా, నూట ఎనభై మందికి రేపు రావద్దని చెప్పాలంటే నా నోటిమాట చాలదు. మా పైవాళ్లకి ఈ కాయితం చూపించాలి. ఇదిగో ఈ గడి చూడండి, 'ఎలా తెలిసింది' అని. ఇది ఖాళీగా ఉంటే వాళ్లు రెండో వాక్యం చదవరు. మీకు తెలిసింది రాయండి. లేదంటే నేను ఈయన మాట నమ్మి పందెం జరిపించాల్సి వస్తుంది. నాకూ జరిపించాలనే ఉంది. ఇంత చాకిరీ చేశాను."

ఆ ఆఖరి మాట అమ్మాయి నిజాయితీగా అంది. అందుకే అది బరువుగా తగిలింది.

కొలతక్క పెన్ను తీసుకుంది. ఒక్క అబద్ధం కూడా అక్కర్లేదు. 'అనుభవం వల్ల తెలిసింది' అని రాసినా చాలు, అదీ నిజమే. కానీ అనుభవానికి ఎదురుగా మేస్త్రి అనుభవం కూర్చుని టీ తాగుతోంది. ఆమె కొట్టుకి తప్పు సరుకు వెనక్కి రావడం కొత్త కాదు. వెనక్కి తీసుకోవాలంటే ముందు 'ఇది నాదే' అనాలి. 'నాదో కాదో' అంటూ ఏ కొట్టూ ఏ సరుకునీ వెనక్కి తీసుకోలేదు. ఇంత పెద్ద తప్పు సరుకు ఇప్పుడు చెరువు నడిబొడ్డున ఉంది. దాన్ని నాదే అనగలిగిన మనుషులు లోకంలో ఇద్దరే. ఒకడు చెవులు మూసుకున్నాడు.

ఆమె రాసింది. కొట్టు బిల్లుల మీద రాసే గుండ్రటి అక్షరాలతోనే రాసింది:

'ఆ వైరు మా కొట్టుది. కొన్నాయన నీళ్లలో మునిగే వైరు అడిగారు. మేము వానకి తట్టుకునే వైరు ఇచ్చాం. ఆయన తప్పు లేదు. మా తప్పు.'

'మునిగే' అన్నచోట చెయ్యి ఒకసారి ఆగింది. పెళ్లయి ఆ కొట్లో అడుగు పెట్టాక ఆ మాట కాగితం మీద పెట్టడం అదే మొదలు. మామగారు ఫోటోలోంచి కిందికి దూకలేదు. సంచిలోంచి రెండు వైరు ముక్కలు తీసి కాయితం మీద పెట్టి సంతకం చేసింది.

మేస్త్రి లేచి వచ్చి ఆ అయిదు వాక్యాలూ చదివాడు. ముక్కలు రెండూ వేళ్లతో నొక్కి చూశాడు. చూసి కుర్చీలో కూర్చోలేదు, కూలబడ్డాడు. "నా చేతులతో నేనే వేశానక్కా" అన్నాడు మెల్లగా. తర్వాత చెయ్యి చాపి, "'ఆయన తప్పు లేదు' అని రాశావు. ఆ స్విచ్చి సంగతి నేను రాస్తాను. ఆ పెన్నిలా ఇవ్వు" అన్నాడు.

ఇంజినీరమ్మ అప్పటికే ఫోన్లో ఉంది. రెండుసార్లు వాదించింది, ఒకసారి కాయితం చదివి వినిపించింది, చివరికి "సరే సార్" అని పెట్టేసింది. "పందెం ఆగిపోయింది" అంది. ఆరేసిన బనియన్ల వైపు చూడకుండా గోడకేసి తిరిగి ముక్కు చీదుకుంది. తర్వాత మళ్లీ ఇంజినీరైంది. "మేస్త్రిగారూ, ఫౌంటెన్‌కి కరెంటు తీసేశారు కదా ఇప్పుడు?"

"ఆరి ఉంది మేడమ్."

"ఆరి ఉండటం వేరు, తీసెయ్యడం వేరు."

మేస్త్రి గోడ గడియారం చూశాడు. అయిదూ యాభై. "ఆరింటికి ఆఖరి పరీక్ష. టైమరు పెట్టాను. దానంతటదే వెలుగుతుంది." జేబు తడిమి తాళంచెవి తీశాడు. "పంపుగది అవతలి గట్టున ఉంది. బండి మీద గట్టంతా చుట్టి వెళ్లాలి, ఎనిమిది నిమిషాలు. నీళ్లలో ఎవరూ లేరుగా, పడవలు కట్టేశారు. పర్లేదు, వెళ్లి ఆపేసి వస్తా."

అతను మెట్ల దగ్గరికి చేరాడో లేదో కొలతక్క ఫోను మోగింది. పడవ బాబాయి.

"అమ్మాయ్, పడవ మళ్లీ ఎప్పుడిస్తారు? చీకటి పడకముందే తాళం వేసుకోవాలి."

"ఏ పడవ బాబాయ్?"

"అదేంటే, నువ్వే పంపావన్నాడుగా మీ మరిది! లావుపాటి వైరు చుట్ట భుజానేసుకుని వచ్చాడు. వదిన మార్చేసి రమ్మంది, పది నిమిషాల పని అన్నాడు. నేనే తాడు విప్పి ఇచ్చాను."

ఆమె కిటికీ దగ్గరికి ఎలా వెళ్లిందో ఆమెకే తెలియదు. ఊచల మీది బనియన్లు లాగి పారేసింది. చెరువు పెద్దదేం కాదు, మనిషి కదలిక తెలిసేంత దూరం. ఫౌంటెన్ దిమ్మకి పడవ కట్టి ఉంది. అందులో మరిది మోకాళ్ల మీద కూర్చుని దిమ్మ పక్కన నీళ్లలోకి తొంగి చూస్తున్నాడు. ఆమె సంగతి బయటపెట్టేలోపు ఆ ఆకుపచ్చ చుక్కని చెరువులోంచి మాయం చెయ్యాలని వెళ్లాడు. లైట్లు ఆరి ఉన్నాయి కాబట్టి కరెంటు లేదనుకున్నాడు. టైమరు సంగతి అతనికెవరు చెబుతారు?

"మేస్త్రీ! పరిగెత్తు! పడవలో మనిషున్నాడు!"

కింద బండి స్టార్టయిన చప్పుడు. ఇంజినీరమ్మ కరెంటు ఆఫీసుకి ఫోను కలుపుతోంది. లైను బిజీ. మళ్లీ కలిపింది. మళ్లీ బిజీ. కొలతక్క మరిదికి ఫోను చేసింది. అక్కడ, చెరువు నడుమ, అతను జేబులోంచి ఫోను తియ్యడం కనిపించింది. తెర మీద 'వదిన' అని చూసుకున్నాడు. తిట్లే అనుకున్నాడు కాబోలు. ఎత్తలేదు. జేబులో పెట్టేసుకున్నాడు.

గడియారంలో అయిదూ యాభై ఆరు.

మరిది చొక్కా చేతులు పైకి మడిచి, కుడిచెయ్యి మోచేతి దాకా నీళ్లలోకి దించి వైరు కోసం దేవులాడుతున్నాడు.

కొలతక్క ఊచల మధ్యకి మొహం ఆనించి, ఉన్న ఊపిరంతా కూడదీసుకుని అరిచింది.

"అబ్బాయ్! చెయ్యి తియ్యి! చెయ్యి... తియ్యి!"

ఎదురుగాలి. పిలుపు విని మరిది తలెత్తాడు. కిటికీలో వదినని గుర్తుపట్టాడు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని మరోసారి అనమన్నట్టు చూశాడు. ఆమె మళ్లీ అరిచింది. సగం మాట గాలికి పోయింది. రెండో సగమే నీళ్ల మీదుగా అతని దాకా వెళ్లింది.

"...తియ్యి!"

ఆ మధ్యాహ్నం నుంచి మొదటిసారిగా మరిది మొహం విప్పారింది. వదిన ఒప్పుకుంది. వైరు తియ్యమంటోంది. అర్థమైందన్నట్టు తల బలంగా ఊపి, పడవ అంచుకి ఛాతీ ఆనించి, రెండు చేతులూ భుజాల దాకా నీళ్లలోకి దించాడు.